పుట్టగొడుగుల కూర ముందు తినే మనిషి

మా సలోమి అక్క పోయిన శనివారం చెప్పాపెట్టకుండా వచ్చింది. రాజోలు బస్సు దిగి, ఆటో కూడా ఎక్కకుండా ఎండలో నడుచుకుంటూ వచ్చి మా గేటు తీసింది. ఒక చేతిలో చేతిసంచి, రెండో చేతిలో అరటాకులో చుట్టి కొబ్బరి పీచుతో కట్టిన పొట్లం. "ఏంటే బుల్లీ, అలా చూస్తావు? కాసిని మజ్జిగియ్యి" అంటూనే పొట్లం నా చేతిలో పెట్టేసింది. విప్పక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది. తడిసిన పుట్టమట్టి వాసన, దానికింద పచ్చిగా, కమ్మగా ఇంకో వాసన. అరవై దాటినదాన్ని, ఉద్యోగమంతా అమలాపురంలోనే చేసి, బడినిండా పిల్లల్ని గదమాయించి కూర్చోబెట్టినదాన్ని, పుట్టగొడుగుల వాసన తగిలేసరికి ఇప్పటికీ చిన్నపిల్లనైపోతాను. మా ఇంట్లో అందరికీ ఆ వాసనకి నోరూరేది. నాకొక్కదానికే భయమేసేది.

"ఎవరు కోశారక్కా ఇవి?" అని అడిగాను, మామూలుగా అడిగినట్టే. "ఎవరు కోస్తారే, నేనే. పొద్దున్నే వెళ్లేను. రాత్రి ఉరుములు వినలేదా మీకిక్కడ?" అంది. అక్కకి ఒక కంట్లో శుక్లం తీశారు. రెండో కన్ను సంగతి ఎత్తితే "చూద్దాంలే, క్రిస్మస్ వెళ్లనీ" అంటుంది. ఏ క్రిస్మస్సో చెప్పదు. ఈమధ్య వాళ్లింటికి వెళ్తే నాకు టీలో పంచదార బదులు ఉప్పు వేసి ఇచ్చి, నేను మొహం వికారంగా పెడితే, పట్నం వెళ్లి పొగరెక్కిందని తిట్టిన మనిషి. ఆ మనిషి తెల్లవారకముందే ఒంటరిగా తోటలోకి వెళ్లి, ఆ కళ్లతో ఏరుకొచ్చినవి ఇవి. వద్దనడానికి నోరు తెరిచానో లేదో, పీట చంకన పెట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది. "నువ్వేం ముట్టుకోకు. కోసిన చెయ్యే కడగాలి, కడిగిన చెయ్యే వండాలి" అని అక్కణ్ణుంచే కేకేసింది. నేను లోపలికి వచ్చి మా అమ్మాయి ప్రసన్నకి ఫోన్ చేశాను. అది కాకినాడలో ఆసుపత్రిలో నర్సు. ఎత్తలేదు, డ్యూటీలో ఉండుంటుంది. ఫోను ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి అక్క వీపు చూస్తూ కూర్చున్నాను.

మేము పుట్టి పెరిగిన పేట గోదావరి గట్టు దిగువన ఉండేది. నాన్న కొబ్బరి ఒలుపు పనికి వెళ్లేవారు. అమ్మ రూతమ్మ, నాన్నమ్మ సువార్తమ్మ కూలికి వెళ్లేవారు. నాట్లు అయిపోయి కోతలు ఇంకా రాని రోజులు మాకు గడ్డురోజులు. పైర్లు పచ్చగా ఊగుతూ ఉండేవి, ఇంట్లో డబ్బాలు ఖాళీగా ఉండేవి. పొద్దున గంజి, మాపున గంజి, మధ్యాహ్నం ఉంటే అన్నం. సరిగ్గా ఆ రోజుల్లోనే, దసరా వానలకి, రాత్రంతా ఉరుములు ఉరిమిన మర్నాడు పొద్దున కొబ్బరితోటలో పుట్టల మీద పుట్టగొడుగులు లేచేవి. పేటలో ఆడవాళ్లందరూ ఇంకా మసకగా ఉండగానే తట్టలు పట్టుకుని పరిగెత్తేవారు. ఎవరి పుట్ట వాళ్లకి ఉండేది. ఒకరి పుట్ట దగ్గరికి ఇంకొకరు వెళ్లేవారు కాదు. మొదలు విరక్కుండా, మట్టి గోళ్లతో తవ్వి, పొడుగాటి కాడతో సహా లాగి తెచ్చేవారు. ఆ మధ్యాహ్నం ఎవరింటి ముందు నుంచి నడిచినా మసాలా వాసనే. మాంసం ఎరగని ఇళ్లకి అది మాంసం.

మా ఇంట్లో ఆ కూరకి ఒక పద్ధతి ఉండేది. అక్క పెరట్లో కూర్చుని మట్టి గీకి కడిగి ఇచ్చేది. అమ్మ చేత్తోనే నిలువుగా చీల్చి, దాకలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేయించి, అల్లం వెల్లుల్లి నూరింది వేసి, ఆఖర్న చిక్కటి కొబ్బరిపాలు పోసి ఇగరబెట్టేది. ఉడుకుతున్నప్పుడు నాన్నమ్మ వచ్చి పసుపు, గుప్పెడు బియ్యం అందులో వేసి, బియ్యం నల్లబడలేదంటే మంచివే అని తేల్చేది. ఆ పరీక్ష మీద ఆవిడకీ పూర్తి నమ్మకం ఉండేది కాదనుకుంటాను, ఉంటే తర్వాతి తతంగం దేనికి? కూర దించగానే పళ్లెంలో అన్నం పెట్టి, పైన కూర వేసి, నాన్నమ్మకి ఒక్కదానికే ఇచ్చేవారు. ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని తినేది. తిని, చెయ్యి కడుక్కుని, అరుగు మీద కూర్చుని, ఎండు కొబ్బరాకుల్లోంచి ఈనెలు చీరి చీపురు కట్టడం మొదలుపెట్టేది. మేమందరం చుట్టూ కూర్చునేవాళ్లం. చీపురు కట్టడం అయిపోయి, దాన్ని నేలకేసి టపటపా కొట్టి, "ఇహ తినండర్రా, నాకేం కాలేదు" అంటేనే మాకు పళ్లేలు. వాళ్ల పుట్టింటివైపు ఒక కుటుంబం కుక్కగొడుగులు కలిసిపోయిన కూర తిని తుడిచిపెట్టుకు పోయిందట. ఇంకా పాలు తాగే పిల్ల ఒక్కతే మిగిలిందట. అప్పట్నుంచి ఆ వంశంలో పెద్దవాళ్లు ఒక్కరే ముందు తినాలి, మిగతావాళ్లు ఆగాలి. "నువ్వే ఎందుకు నాన్నమ్మా?" అని అడిగితే, "నాదేవుందే, ప్రభువు పిలిస్తే ఎప్పుడైనా పోయేదాన్నే. మీ అమ్మ పోతే మిమ్మల్ని సాకేదెవరు?" అనేది, మిరపకాయ నంజుకున్నంత తేలిగ్గా.

ఒకసారి ఆకలికి ఆగలేక వంటపాక తడికలోంచి తొంగిచూశాను. కూర అప్పుడే దించారు. అమ్మ తలుపువైపు ఒకసారి చూసి, గరిటెతో కొంచెం కూర అరచేతిలో వేసుకుని ఊదుకుని నోట్లో పెట్టుకుంది. నమిలి, మింగి, పొయ్యి ముందు అలాగే గొంతుక్కూర్చుని ఉండిపోయింది. పెదవులు కదులుతున్నాయి. కాసేపటికి లేచి, కుండలో నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, పళ్లెంలో నాన్నమ్మకి అన్నం పెట్టింది. "అత్తయ్యా, రండి. ఆయ్, ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పండి" అని మామూలు గొంతుతో పిలిచింది. బయటికొస్తూ నన్ను చూసింది. నా చెవి పట్టుకుని దగ్గరికి లాగి, "నాన్నమ్మకి చెప్పేవంటే చూడు. పెద్దావిడ, బాధపడుద్ది" అంది. అంతే. అమ్మ అంతకంటే ఏమీ చెప్పలేదు. కానీ ఆ క్షణం నుంచి నా ప్రాణానికి సుఖం లేకుండా పోయింది.

ఇంట్లో అందరూ నాన్నమ్మనే చూసేవారు. ఈనె విరిగితే ఉలిక్కిపడేవారు, ఆవిడ దగ్గితే నాన్న లేచి నిలబడేవారు. నేనొక్కదాన్నే అమ్మని చూసేదాన్ని. నీళ్లకి వెళ్తే వెనకాలే వెళ్లేదాన్ని, అంట్ల దగ్గర కూర్చుంటే కొంగు పట్టుకుని కూర్చునేదాన్ని. "అమ్మా, కళ్లు తిరుగుతున్నాయా? కడుపులో నొప్పొస్తోందా?" అని గొణిగేదాన్ని. "పోవే దరిద్రమా, నీ నోట్లోంచి మంచి మాటే రాదు" అని తరిమేది. ఎవరికీ చెప్పడానికి లేదు. చెబితే నాన్నమ్మ బాధపడుతుంది, చెప్పకపోతే అమ్మ చచ్చిపోతుంది. రాత్రి ఉరిమితే పేటలో పిల్లలందరూ సంబరపడేవారు. నేను దుప్పటి ముసుగెట్టుకుని, ప్రభువా, పుట్టలన్నీ కొట్టుకుపోనీ అని వేడుకునేదాన్ని. నా మొర ఎన్నడూ ఆలకించలేదాయన. తెల్లారేసరికి తట్ట నిండుగా వచ్చేది.

ఒక ఏడు వానలకి మా పుట్ట కరిగిపోయింది. అమ్మ, అక్క కలిసి కాలవగట్టు పక్కన ఎక్కడో కొత్తచోట ఏరుకొచ్చారు. నాన్నమ్మ ఒకదాన్ని తీసి వెలుగులో తిప్పి తిప్పి చూసింది. "ఇవి మన పుట్టవి కావు కదే అమ్మాయ్. కాడ పొట్టిగా ఉందేంటి?" అంది. "అవేనండి అత్తయ్యా, వానకి చివికేయి, అంతే" అంది అమ్మ. ఆ మాటలో ధైర్యం లేదు, నాకు వినబడింది. కానీ ఆ వారమంతా గంజి మీదే ఉన్నాం. పారబొయ్యమనడానికి ఎవరికీ నోరు రాలేదు. అక్క కడిగింది, అమ్మ వండింది. నేను తడిక దగ్గర నిలబడి చూస్తుండగానే అమ్మ అరచేతిలో వేసుకుని తింది. నాన్నమ్మ తన పళ్లెం తను తిని చీపురు మొదలుపెట్టింది. నేను వంటపాకలోకి పరిగెత్తాను. అమ్మ నేలమీద పడుకుని ఉంది, మొహం మీద కొంగు కప్పుకుని.

అంతే, నాకు ఒళ్లు తెలియలేదు. "అమ్మ తినేసిందీ! అమ్మే ముందు తినేసిందీ! అమ్మ చచ్చిపోతోందీ!" అని పేట అదిరిపోయేటట్టు అరిచాను. నాన్నమ్మ చీపురు పారేసి వచ్చింది, నాన్న వచ్చారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చారు. అమ్మ లేచి కూర్చుని "నాకేం కాలేదు బాబోయ్, పొగకి తలనొప్పొచ్చి నడుం వాల్చేనండీ" అని మొత్తుకుంటున్నా ఎవరూ వినలేదు. ఇద్దరు పట్టుకుంటే ఇంకో ఇద్దరు చెంబుల కొద్దీ ఉప్పునీళ్లు పట్టించారు. పాస్టరుగారు వచ్చి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. చివరికి అమ్మ ఆయన ముందే నాన్నని తిట్టడం మొదలుపెట్టాక, బాగానే ఉందని అందరికీ నమ్మకం కుదిరింది. కూర తీసుకెళ్లి గోతిలో కప్పెట్టారు. నాకు వీపు విమానం మోత మోగింది.

అసలు గొడవ తర్వాత జరిగింది. నాన్నమ్మ అరుగు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "నా కళ్లల్లో కారం కొట్టి ఇన్నాళ్లూ నువ్వు ముందు తింటున్నావా? ఇద్దరు పిల్లల తల్లివి! నేను బతికుండగా ఈ ఇంట్లో ముందు తినడానికి నువ్వెవరివే?" అంది. అమ్మ కూడా తగ్గలేదు. "నేను వండిన కూర తిని మీరు పోతే నేను మనిషిగా బతకాలాండీ?" అంది. ఇద్దరూ చాలారోజులు మాట్లాడుకోలేదు. తర్వాత ఎలా రాజీపడ్డారో తెలియదు కాని, మళ్లీ పుట్టగొడుగులు వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే పళ్లెం ముందు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటూ, ఒకేసారి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం చూడాల్సిన వాళ్లు ఇద్దరయ్యారు.

ఇప్పుడా తోట పేరుకే ఉంది. చేపలకీ రొయ్యలకీ చెరువులు తవ్వేశారు, ఒక్క మూల నాలుగు చెట్లూ ఒక పుట్టా మిగిలాయి, అక్క ఏరుకొచ్చింది అక్కణ్ణుంచే. ఇక్కడ అమలాపురంలో పుట్టగొడుగులు ప్లాస్టిక్ డబ్బాలో, తెల్లగా, బొత్తాల్లా ఒకే సైజులో, వానతో ఉరుముతో పని లేకుండా దొరుకుతాయి. వండితే రుచీ పచీ ఉండదు. అయినా నేను అవే కొంటాను, ఎందుకంటే అవి తిని నేను హాయిగా నిద్రపోతాను. నాన్నమ్మ వినుంటే తల కొట్టుకునేది. మనవరాళ్లు కడుపునిండా తినాలని ఆవిడ ప్రాణాన్ని పళ్లెంలో పెట్టుకుని తిన్న తిండి అది. మేం తిన్నాం, బతికాం, చదువుకున్నాం, ఉద్యోగాలు చేశాం. ఆ ఆకలి ఇప్పుడు మాకు లేదు. మరి లేని ఆకలికోసం ఇంకా ఈ భయం దేనికని నా బాధ.

అక్క కడగడం ముగించి నా గ్యాస్ పొయ్యి దగ్గరికి వచ్చింది. కొబ్బరిపాలు తీసుకురమ్మని నన్ను ఆజ్ఞాపించింది. కూర ఉడుకుతూ ఇల్లంతా ఆ వాసన కమ్ముకుంటుండగా ప్రసన్న ఫోన్ చేసింది. సంగతి చెప్పాను. ఫొటో పంపమంటావా అని అడిగాను. "ఫొటో చూసి ఎవరూ చెప్పలేరమ్మా. పారేసెయ్యండి. పెద్దమ్మ కళ్ల సంగతి తెలిసి కూడా ఏంటమ్మా నువ్వు?" అని కసిరింది. పసుపు, బియ్యం సంగతి చెప్తే, అవేమీ తేల్చవంది. ఒకరు తిని కాసేపు ఆగి చూస్తే సరిపోదా అన్నాను. "అమ్మా, అన్నిటికంటే చెడ్డవి తిన్నవెంటనే ఏమీ చెయ్యవు. పూటంతా మనిషి బాగానే ఉంటాడు, ఒక్కోసారి మర్నాటిదాకా. తర్వాత మొదలవుతుంది. అప్పటికి లోపల జరగాల్సింది జరిగిపోయుంటుంది" అంది.

నేను ఫోను పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. "ఏమంటదే పిల్ల?" అంది అక్క, గరిటె తిప్పుతూనే. చెప్పాను. అక్క పొయ్యి ఆర్పేసింది.

"అంటే, నాన్నమ్మ చీపురు కట్టేదాకా మనం ఆగడం..."

"దండగేనక్కా. నిజంగా విషమైతే చీపురు కట్టినా పోయేవాళ్లం, కట్టకపోయినా పోయేవాళ్లం. అందరం."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. గట్టు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పాపం ముసల్ది! పేట మొత్తానికి సరిపడా చీపుర్లు కట్టిందే!" అంది. తర్వాత, "సరేలే, పారబొయ్యి. నేనైతే తినేసేనుగా" అంది.

"ఏం తినేశావు? ఎప్పుడు?"

"కడిగేటప్పుడు. పచ్చిది, ఒక ముక్క. నాకలవాటేగా." నా మొహం చూసి కాస్త మెత్తబడింది. "అమ్మ దొంగచాటుగా తింటందని నీకంటే ముందే నాకు తెలుసే బుల్లీ. నువ్వు తడికలోంచి చూసేవు, నేను గుమ్మంలోంచి చూసేను. అమ్మ పోతే ఎలాగ? అందుకని కడిగేటప్పుడే ఒకటి కొరికి మింగేసేదాన్ని. నాకేదన్నా అయితే ఇక అమ్మ పొయ్యి మీద పెట్టదు కదా అని."

"నువ్వెంత ఉంటావే అప్పటికి!"

"ఎంతుంటే ఏంటి? నీకంటే పెద్దదాన్నేగా."

నేను స్టూలు అక్క దగ్గరికి జరుపుకున్నాను. "మరి ఆ రోజు? కాలవగట్టువి తెచ్చిన రోజు?"

"ఆ రోజేగా కక్కుకున్నది" అంది, నిన్న జలుబు చేసిందన్నట్టు. "నువ్వు గగ్గోలు పెడుతున్నావు, అందరూ అమ్మ మీద పడ్డారు. నేను గడ్డిమేటు వెనక్కెళ్లి పేగులు బయటికొచ్చేటట్టు కక్కుకున్నాను. చచ్చిపోతాననే అనుకున్నాను. పరలోక ప్రార్థన మొదలెడితే సగంలో మర్చిపోయేను, మళ్లీ మొదలెట్టేను. కాసేపటికి తగ్గింది. మూతి కడుక్కుని వచ్చి అంట్లు తోమేను. చివికినవి పచ్చిగా తిన్నందుకేమోలే, ఏం తెలుసు మనకి."

"ఎవరికైనా చెప్పొచ్చు కదక్కా!"

"ఎవరికి చెప్పనే? నాన్నమ్మ ఏడుస్తోంది, అమ్మ ఏడుస్తోంది, నిన్ను నాన్న కొడుతున్నారు. కూర ఎలాగూ గోతిలో పోసేసేరు. ఇంక చెప్పడానికేముంది?"

నేను ఏడుస్తూనే ప్రసన్నకి మళ్లీ ఫోన్ చేశాను. మిగిలిన పచ్చివి ఉంటే సంచిలో వేసుకుని, పెద్దమ్మని ఉన్నపళాన ఆసుపత్రికి తీసుకెళ్లమంది. బాగుందా లేదా అని చూస్తూ కూర్చోవద్దంది. అక్క ఒక పట్టాన కదల్లేదు. ముక్కకే ఆసుపత్రేంటే, నలుగురూ నవ్వుతారంది. చీర బాగాలేదంది. చివరికి నేను చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పడేసి, జీవితంలో మొదటిసారి మా అక్కని కేకలేశాను. చదివేవాళ్లని కంగారు పెట్టడం నాకిష్టం లేదు, ఆ పని నాకు నేను చేసుకునేది చాలు. అక్క బాగానే ఉంది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపేశారు. ఇది రాస్తుంటే వెనకగదిలో పడుకుని గురకపెడుతోంది. రెండో కంటి ఆపరేషన్‌కి కూడా ఒప్పించాను.

కానీ ఆ శనివారం ఆటోలో కూర్చున్నప్పుడు అదేం తెలియదు నాకు. అక్క చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ఉత్త పుణ్యానికి కూర పాడైపోయిందని సణుగుతూ కూర్చుంది. నేను పక్కకి తిరిగి కూర్చుని ఆమె మొహమే చూస్తున్నాను. పెదవులు ఎండుతున్నాయా, నుదుట చెమట పడుతోందా, ఎక్కడైనా నొప్పి దాచుకుంటోందా.

"ఏంటే అలా చూస్తావు, పీకమీద కూర్చున్నట్టు? నాకు సిగ్గేస్తోంది. అటు తిరుగు" అంది.

ఆ ఇంట్లో నాన్నమ్మని అందరూ చూశారు. అమ్మని నేను చూశాను. మా అక్కని ఎవరూ చూడలేదు.

"తిరగను" అన్నాను.